జడ్జిని ఏమని పిలవాలి?

కోర్టు నుంచి సాక్షి సమన్లు వచ్చినా, కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చినా చాలామందిని ముందుగా పట్టి పీడించే బెంగ ఒకటుంది: ఆ పెద్దవారిని ఏమని పిలవాలి? సినిమాల్లో విన్నట్టు ‘మిలార్డ్’ అనకపోతే జడ్జిగారికి కోపం వస్తుందేమో, కేసు దెబ్బతింటుందేమో అని భయం. ఆ భయం అక్కర్లేదు.

‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’ ఇంగ్లండు కోర్టుల నుంచి బ్రిటిష్ పాలనతో పాటు వచ్చిన పిలుపులు. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తన నిబంధనల్లో కొత్త అధ్యాయం చేర్చి, ఇవి వలస పాలన అవశేషాలని రాసింది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ అంటే చాలంది. కింది కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో ‘సర్’ అనవచ్చు, లేదా ప్రాంతీయ భాషలో దానికి సాటి వచ్చే మాట వాడవచ్చు. కాబట్టి ఊరి కోర్టులో బోనెక్కిన రైతు ‘అయ్యా’ అన్నా, ‘అమ్మా’ అన్నా తప్పు లేదు.

‘మై లార్డ్’ను నిషేధించాలంటూ ఒక న్యాయవాది వేసిన పిటిషన్‌ను 2014 జనవరిలో జస్టిస్ హెచ్.ఎల్. దత్తు, జస్టిస్ ఎస్.ఎ. బోబ్డేల సుప్రీంకోర్టు ధర్మాసనం కొట్టేసింది. కొట్టేస్తూనే, అలా పిలవడం తప్పనిసరేమీ కాదని, మర్యాదగా, హుందాగా సంబోధిస్తే చాలని చెప్పింది.

మరి ఆ మాట ఇంకా ఎందుకు వినిపిస్తోంది? కక్షిదారు భవితవ్యం బెంచి మీద ఉన్నవారి చేతిలో ఉన్నప్పుడు, పిలుపుతో ప్రయోగాలు చేయడానికి ఏ వకీలుకూ మనసొప్పదు. పైగా పైనుంచి వచ్చే సంకేతాలూ ఒక్కలా లేవు. 2021లో, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన బోబ్డే, ‘యువర్ ఆనర్’ అన్న ఒక న్యాయవిద్యార్థిని ఆపి, అది అమెరికా సుప్రీంకోర్టుకో మన మేజిస్ట్రేట్ కోర్టుకో తగిన పిలుపని అభ్యంతరం చెప్పారు. దాంతో బార్ కౌన్సిలే ముందుకొచ్చి, పెద్ద కోర్టుల్లో ‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ అనాలని 2019లోనే తీర్మానించామని గుర్తుచేసింది. అదే 2019లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తులంతా కలిసి తమను ‘మై లార్డ్’ అనవద్దని తీర్మానించారు. 2023లో తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ, ఆ మాట మానేస్తే తన జీతంలో సగం ఇస్తానని ఒక సీనియర్ న్యాయవాదితో అన్నారు.

ఈ గందరగోళంలో బార్ కౌన్సిల్ రెండుసార్లూ మార్చని పిలుపు ఒకటే: ‘ఆనరబుల్ కోర్ట్’, మన మాటల్లో ‘గౌరవ న్యాయస్థానం’. ఆ గౌరవం కుర్చీలో కూర్చున్న మనిషికి కాక న్యాయస్థానానికే చెందుతుంది. ఎటూ తేల్చుకోలేనివారికి ఇదే క్షేమం.

‘జస్టిస్’ అన్న మాటనూ చూసి వాడాలి. అది హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పేర్ల ముందే వస్తుంది. జిల్లా జడ్జి, సివిల్ జడ్జి, మేజిస్ట్రేట్ పేర్లకు దాన్ని తగిలించకూడదు. ‘జిల్లా జడ్జి గారు’ అంటే సరిపోతుంది.

ఇక ఆఫీసుల సంగతి. పాత అర్జీలు ‘మహారాజరాజశ్రీ తహశీల్దారు గారి దివ్య సముఖమునకు’ అని మొదలయ్యేవి, ‘మ.రా.రా.శ్రీ’ అని పొడి అక్షరాల్లోనూ రాసేవారు. సాక్షాత్తూ రాష్ట్రపతికే ఇప్పుడంత ఆర్భాటం లేదు. 2012లో ప్రణబ్ ముఖర్జీ ‘హిజ్ ఎక్సలెన్సీ’ అనే బిరుదును దేశంలోని కార్యక్రమాల్లో పక్కన పెట్టించారు. విదేశీ ప్రముఖులతో వ్యవహారాల్లో మాత్రం ఆ ఆనవాయితీ కొనసాగుతోంది.

సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకెళ్లేవారు పైన ‘గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి’ అని, కింద ‘అయ్యా’ లేదా ‘అమ్మా’ అని రాస్తే మర్యాద తీరినట్టే. పేరు కన్నా హోదాకు రాయడం మేలు, ఎందుకంటే అధికారి బదిలీ అయినా కాగితం ఆ కుర్చీకే చేరుతుంది. విశేషణాలకు పోయే రెండు పంక్తుల్లో సర్వే నంబరు, పాత దరఖాస్తు తేదీ, మీకు కావలసిన పని రాయండి. రసీదు అడిగి తీసుకోండి. పని ముందుకు నడిపేవి అవే.