గుండెల్లో రైళ్లు, కడుపులో సీతాకోకచిలుకలు

ఒంగోలు సీమలోని సింగరాయకొండ స్టేషను మీదుగా రాత్రీ పగలూ రైళ్లు దూసుకుపోతూనే ఉంటాయి. మద్రాసును బెజవాడతో కలిపే ఈ లైను 1899లో పూర్తయింది. 'గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి' అన్న నుడికారం రైలును చూసిన తరాలు పుట్టించిందే. ఇంగ్లీషువాళ్లు ఆ దడను కడుపులో పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టే ముందు పొట్టలో కలిగే అలజడిని 'బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్' అంటారు. అంటే కడుపులో సీతాకోకచిలుకలు.

రెండు భాషలూ చెప్పేది ఒంటి సంగతే. అపాయం అనిపించగానే మూత్రపిండాల పైనుండే గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. పొట్టకూ చర్మానికీ వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. అందుకే కడుపులో తిప్పుతుంది, అరచేతులు చల్లబడతాయి, నోరెండిపోతుంది. పోరాటానికో పరుగుకో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కేనన్ 1915లో తన పుస్తకంలో వివరించాడు.

అయితే కంగారు వేరు, జంకు వేరు.

కంగారుకు ఇంగ్లీషులో 'ప్యానిక్'. మేకకాళ్లున్న గ్రీకు దేవుడు పాన్ పేరు మీద పుట్టిన మాట ఇది. ఏ కారణమూ కనిపించకుండా మంద ఒక్కసారిగా బెదిరితే అది పాన్ పనేనని గ్రీకులు నమ్మేవారు. ఒంగోలు గిత్తల్ని సాకే ఈ సీమ రైతుకు ఆ బెదురు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మనుషుల మందలోనూ అది అంతే వేగంగా పాకుతుంది. 2013 నవంబరులో విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర, రైల్లో మంటలన్న వదంతికి హడలిపోయి ప్రయాణికులు పట్టాల మీదికి దూకారు. పక్క లైనులో వచ్చిన రైలు వాళ్ల మీదుగా దూసుకుపోయింది.

జంకు నెమ్మదిగా వస్తుంది. పని ఒప్పుకున్నాక, తీరా సమయానికి వెనకడుగు వేయడాన్ని 'గెటింగ్ కోల్డ్ ఫీట్' అంటారు. 1890ల నాటికే అమెరికా రాతల్లో కనిపించే మాట ఇది. దీన్ని మక్కికి మక్కి దించితే ప్రమాదం. తెలుగింట్లో 'కాళ్లు చల్లబడ్డాయి' అంటే మంచాన ఉన్న రోగి గురించే అనుకుని బంధువులు బయలుదేరతారు. 'చికెన్ అవుట్' అన్నా వెనుకంజే. మన 'తోక ముడవడం' దానికి సరిజోడు.

ధైర్యానికి తెలుగువాళ్లు ఇచ్చిన చోటు గుండె. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు, కాల్చేస్తామన్న పోలీసుల తుపాకీకి ఛాతీ చూపాడు. ఇంగ్లీషు ఆ నిబ్బరాన్ని 'నర్వ్' అంటుంది. ప్రకాశం నిబ్బరం కోల్పోలేదు కనుక 'హి కెప్ట్ హిజ్ నర్వ్'. జావగారిపోయి ఉంటే 'హి లాస్ట్ హిజ్ నర్వ్' అనేవారు.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. 'యూ హావ్ గాట్ ఎ నర్వ్' మెచ్చుకోలు కాదు, 'ఎంత పొగరు నీకు' అన్న మందలింపు. 'గెట్స్ ఆన్ మై నర్వ్స్' అంటే భయం కాదు, విసుగు. పరీక్షలో తెలిసిన జవాబు కూడా గుర్తు రాక చేతులాడకపోతే 'ఐ ప్యానిక్డ్' అనాలి. భయపడి అసలు పరీక్షకే వెళ్లకపోతే 'ఐ లాస్ట్ మై నర్వ్' అనాలి.