చేవ్రాతయు ముద్రాక్షరమును: జపాను లిపియం దొక పరిశీలన

చేవ్రాతను పోలిన ముద్రాక్షరములను రూపొందించుట యనగా కుంచె వంపులను అనుకరించుటయే యని పలువురు తలంతురు. జపాను లిపిచరిత్రను పరిశీలించినచో, చేవ్రాతలోని జీవము ఒంటి అక్షరమునందు గాక అక్షరముల పరస్పర సంబంధమునందే యున్నదని మాకు తోచుచున్నది.

జపాను భాషను వ్రాయుటకు మూడు తెగల అక్షరములు కలిసి వాడబడుచున్నవి. చీనా నుండి వచ్చిన కంజీలు అర్థప్రధానములు. హిరగాన, కటకానలు ధ్వనిసూచకములు. కంజీలను కుంచెతో వేగముగా వ్రాయగా సరళమైన రూపమే హిరగాన. అందుచే నది పుట్టుకతోనే చేవ్రాత లిపి. నిలువు పంక్తిలో కుంచె నెత్తకయే, మన గొలుసుకట్టు వ్రాతవలె, ఒక అక్షరము తరువాతి దానిలోనికి ప్రవహించును.

అచ్చువారు ఈ లక్షణమును మొదట విస్మరింపలేదు. 17వ శతాబ్ది ఆరంభమున క్యోటో చెంత వెలువడిన సాగ ప్రతులలో రెండు మూడు అక్షరములను కలిపి ఒకే కొయ్యదిమ్మెపై చెక్కిరి. 1608 నాటి 'ఇసే మొనొగతరి' ముద్రణ ఇట్టిదే. 1869లో నాగసాకిలో మొతోకి షోజో, విలియం గాంబుల్ వద్ద లోహాక్షరముల మాతృకలు చేయు నూతన పద్ధతిని నేర్చెను. అటుపై వ్యాపించిన లోహముద్రణలో ప్రత్యక్షరమును సమచతురస్రమగు గడిలో నిలిచినది. 'షి' సన్నని నిలువు గీత, 'హె' వెడల్పయిన పొట్టి వంపు. అయినను రెండింటికిని ఒకే కొలత గడి. పంక్తి సమముగా కుదిరినది, ప్రవాహము తెగినది.

అడోబీ సంస్థలో నిషిజుక ర్యోకో రూపొందించిన 'కజురకి' 2009లో వెలువడినది. దీనికి ప్రేరణ ఫుజివార నో తెయికా (1162-1241) యను కవి దస్తూరి. ఇందు ప్రత్యక్షరమునకును దానికి తగిన వెడల్పు, ఎత్తు లీయబడినవి. నిలువు వ్రాతలో కొన్ని హిరగానలు కలసిపోవును. గడిని తొలగించుటయే ఇందలి ముఖ్యమైన పని; వంపుల సొగసు దాని తరువాతిది.

అయినను ఒక చిక్కు కలదు. 2010లో సవరింపబడిన నిత్యవ్యవహార పట్టికలోనే 2,136 కంజీలున్నవి. నేటి అవసరములకు వలసిన అక్షరములన్నియు ఒక ప్రాచీన కవి వ్రాతప్రతులలో దొరకవు. దొరకినవాని నుండి సూత్రమును గ్రహించి, దొరకనివానిని రూపకర్తయే కల్పింపవలెను. అదియునుగాక, చేతితో పదిమారులు వ్రాసిన అక్షరము పది రూపుల నుండును. అచ్చులో నది మారదు. కావున ఇట్టి ముద్రాక్షరము ఒక వ్యాఖ్యానమే కాని మూలము కాదు. లిపిపరిశోధకులు దానిని కవి దస్తూరికి ప్రమాణముగా గైకొనరాదు.

ఈ భేదమును తెయికాయే ఎరిగియుండెను. 1235లో ఆయన సురయుకి స్వహస్తప్రతి నుండి 'తోస నిక్కి' కి ప్రతి వ్రాయుచు గ్రంథమును తన దస్తూరిలోనే నడపి, చివరి కొంత భాగమును మాత్రము మూలలిపిని అనుకరించి చూపెను. పాఠమును అందించుట యొకటి, హస్తమును చూపుట వేరొకటి. నేటి రూపకర్తలును, వారి యక్షరములను చదువు మనమును ఈ రెంటిని వేరుగా నుంచుకొనవలసియున్నది.