జైలు నిండిపోతే రిమాండ్ ఖైదీని ఎక్కడ పెడతారు?

జూలూరుపాడు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా.

ముందు ఒక మాట. "ఫలానావాడు రిమాండ్‌లో ఉన్నాడు" అంటే నేరం రుజువైందని కాదు, కేసు ఇంకా తేలలేదని. 2022 డిసెంబర్ 31 నాటికి మన దేశం జైళ్లలో చోటు 4,36,266 మందికి. ఉన్నది 5,73,220 మంది. అందులో తీర్పు రాని విచారణ ఖైదీలే 4,34,302 మంది! అంటే ఉన్న చోటంతా దాదాపు వాళ్లకే సరిపోతుంది.

మరి జైలు నిండితే స్టేషన్ లాకప్‌లోనే ఉంచేయొచ్చా? ఇంగ్లండ్‌లో 2024లో అలా చేశారు. మన దగ్గర కుదరదు. బీఎన్‌ఎస్‌ఎస్ 187 ప్రకారం జ్యుడీషియల్ రిమాండ్ అంటే జైల్లోనే, లేదా ప్రభుత్వం జైలుగా ప్రకటించిన చోట. కోవిడ్ టైంలో మహారాష్ట్ర ఇలా తాత్కాలిక జైళ్లు పెట్టింది.

ఇంకో దారి, వేరే జైలుకి మార్చడం. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును హాస్పిటల్ కోసం కూల్చినప్పుడు ఖైదీలందర్నీ వేరే జైళ్లకి పంపారు. అక్కడ కారణం రద్దీ కాదు, కానీ మార్పిడి అంటే ఇదే. ఇంట్లోవాళ్లకి మాత్రం దూరం పెరుగుతుంది. మన ఊరి నుంచి ఖమ్మం జైలుకి ములాఖత్‌కి వెళ్తేనే ఒక రోజు కూలి పోతుంది. అదే హైదరాబాద్ చర్లపల్లి అయితే? లాయర్ని కలవడమూ కష్టమే.

సాఫ్ట్‌వేర్‌లో లోడ్ పెరిగితే ఇంకో సర్వర్‌కి మళ్లిస్తాం. కానీ క్యూలో ఉన్న రిక్వెస్ట్ తేలకపోతే ఎన్ని సర్వర్లున్నా చాలవు. ఇక్కడా అంతే, కేసు కదలాలి, లేదా బెయిల్ రావాలి.

దానికి చట్టంలోనే దారి ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 479. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే, కోర్టు బాండ్ మీద వదలాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠం 3 ఏళ్లు, అంటే ఏడాది. మిగతావాళ్లకి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకి ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. 2024 జులై 1కి ముందు కేసులకి కూడా ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా రిమాండ్‌లో ఉంటే, అరెస్టయిన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టండి. లాయర్‌కి డబ్బుల్లేవా? 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత లాయర్ హక్కు, ఎవరి దయా కాదు.

అవసరమైనవాళ్లకి ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!