సోపానములెక్కు వయసు

1909లో బెంగళూరు బిషప్ కాటన్ పాఠశాలలో ఈ దేశపు స్కౌటు ఉద్యమము పాదుకొన్నది. ఆదిలో తెల్లవారి బిడ్డలకే పరిమితమైన ఆ ద్వారమును భారతీయ బాలురకు తెరచినవారిలో అనిబిసెంటు అగ్రగణ్యురాలు. నేడు అదే బెంగళూరులోని నగర్తపేట ఇరుకు వీధులలో పెరుగు మన తెలుగు పిల్లవాడు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ దళమున చేరి, ప్రవేశ్ మొదలు ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములు దాటి, రాజ్య పురస్కారమును, తుదకు రాష్ట్రపతి పురస్కారమును అందుకొనవచ్చును.

అయినను ఎదిగిన పిల్లలు దళమును నడుమనే మానివేయుట మిక్కిలి విచారకరము. పరీక్షల భారము కొంత కారణమే కాని, నేర్చినదే మరల నేర్పుట అంతకు మించిన కారణమని నా నిశ్చయము. వారికి బాధ్యత నొసగవలెను. బౌలైన్ ముడి వేసిన ఉచ్చు లాగినను బిగియదు గనుకనే ఆపదలోనున్నవాని నడుమునకు కట్టదగినదని, త్రాడు చేతబట్టి తడబడు చిన్నవానికి చూపునపుడే పెద్దవానికి ఆ విద్య పట్టుబడును. ధర్మరాయస్వామి గుడి నుండి అవెన్యూ రోడ్డు వరకు దిక్సూచితో సందుల పటము గీయించు పనిని వానికే అప్పగించి, గురువు వెనుక నడచిన చాలును.