గుల్లలు చెప్పు లెక్క

గడచిన వర్షకాలమున తెనాలి చెంత నొక నిమ్మతోట రైతు బోర్డో మిశ్రమము కలిపిన బానను మురుగుకాలువలో కడుగుచుండెను. నేను వారింపగా, “పారెడు నీటికేమి దోషమండీ? సముద్రమున కలిసిపోవును గదా!” అనెను. అందు సగము నిజము. ఆ ప్రాంతపు మురుగునీరు రేపల్లె, బాపట్ల ప్రాంతములు గడచి సముద్రమునే చేరును. కాని ఆ నీటిలోని మైలుతుత్తపు రాగి యెచ్చటికి బోయెనో తెలియవలెనన్న నిజాంపట్నపు మొగలందలి గుల్లల నడుగవలెను.

గుల్లలు, ఆలిచిప్పలు ఉన్న చోటు విడిచి దూరము పోజాలవు. నీటిని లోనికి పీల్చి, అందలి సన్నని నాచును వడకట్టి తిని, మిగిలిన నీటిని విడుచును. పెద్ద ఆలిచిప్ప యొకటి అనుకూలమైన దినమున నూరు లీటర్లకు పైగా వడకట్టగలదు. తిండితోపాటు రాగి, సీసము, కాడ్మియము, పాదరసము దాని మాంసమున జేరి, నీటిలోని దానికంటె వేలరెట్లు చిక్కబడును. సీసాలో బట్టిన నీరు ఆ గడియ సంగతియే చెప్పును. పోటుకొక తీరు, వానకొక తీరు. గుల్లయన్ననో మాసముల లెక్క వ్రాసియుంచిన పూర్వపు కరణము వంటిది; లంచమునకు మాత్రము లొంగదు.

ఈ యుపాయమును 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు గోల్డుబర్గు ప్రతిపాదించెను. 1986లో ఆ దేశ ప్రభుత్వమే తీరము పొడవున గుల్లలను పరీక్షింప నారంభించెను. మన దేశమునను ఆకుపచ్చ గుల్లలతో ఇట్టి పరీక్షలు జరిగినవి.

పరీక్షకు ఒకే జాతివి, ఒకే పరిమాణము గలవి, ఏటేట ఒకే ఋతువున ఏరవలెను. ఆలిచిప్ప రాగిని, మనము వరికి వేయు జింకును అమితముగ దాచుకొనును; రాగి మిక్కుటమైనచో దాని మాంసమే పచ్చబారును. ఇంగ్లండున కార్న్‌వాల్ రాగి గనుల దిగువ నట్లే జరిగెను. కనుక ఒక జాతి లెక్కను వేరొక జాతితో పోల్చరాదు. ఏరినవానిని ఒక దినము శుభ్రమైన సముద్రపు నీట నుంచి కడుపులోని బురదను వదలింపవలెను; లేనిచో బురదలోని లోహము గూడ మాంసపు లెక్కలో జేరును. ఇనుపకత్తి తగిలింపరాదు. తరువాతి పని ప్రయోగశాలది. ఏరుటలో మాత్రము జాలరులకు మించిన నేర్పరులు లేరు.

లోహమంతయు రైతువలననే యనుట న్యాయము గాదు. పట్టణపు మురుగు, పాత బ్యాటరీల సీసము, పడవల అడుగున బూయు రాగి రంగులును గలవు. జపానున మినమాటా అఖాతములోనికి ఒక కర్మాగారము విడిచిన పాదరసము చేపలలో, గుల్లలలో జేరి, వానిని తిన్నవారిని వికలాంగులను జేసెను. ఆ వ్యాధి 1956లో బయటపడెను. మన విత్తనశుద్ధికి వాడిన పాదరసపు మందొకటి 2018లో నిషేధింపబడినది. లోహము ఉడికించినను పోదు. గుల్ల లేరి తిను బీదకుటుంబమునకు ఈ సంగతి నీటిని చూచిన తెలియదు.

ఆ నిమ్మతోట రైతు ఇప్పుడు బాన కడిగిన నీటిని తోటలోనే చల్లుచున్నాడు. ఖాళీ మందు డబ్బాలు మాత్రమింకను కాలువ గట్టుననే పడియున్నవి.