అనుమానం రిజిస్టరు నుంచి కలెక్టరు పత్రం దాకా

సికింద్రాబాదు స్టేషనులో బండి దిగే మన పల్లెవారికి హిజ్రాలు కొత్త కాదు. చప్పట్లు విని కొందరు చిల్లర తీస్తారు, కొందరు ముఖం తిప్పుకొంటారు. సర్కారు కాగితాల్లో వారి పేరు ఏమని ఎక్కిందో అడిగేవారు తక్కువ.

వంద యేళ్ల క్రితం సికింద్రాబాదు తెల్లదొరల అజమాయిషీలో ఉండేది. హుస్సేన్‌సాగర్ ఆవల నిజాం సర్కారు 1919లో, అంటే ఫస్లీ 1329లో, ఒక చట్టం చేసింది. మగపిల్లలను ఎత్తుకుపోతారనో, నపుంసకులుగా మారుస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో రాయాలన్నది. నేరం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలు. పేరెక్కిన మనిషి చీర కట్టి, నగలు పెట్టుకొని వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు!

నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, తెలంగాణ వేరుపడింది. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకెక్కారు. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి.భాస్కరరెడ్డిల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఆసరా పింఛను వీరికీ ఇవ్వాలన్నది.

పింఛనుకైనా, రేషనుకైనా కాగితం కావాలి కదా! అసలు పేచీ అక్కడే. ఆడో, మగో, మూడో వర్గమో చెప్పేదెవరు? మనిషి మాటే ప్రమాణం, ఆపరేషను చేయించుకొని రమ్మనరాదు అని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం సగం దూరమే వచ్చింది. ట్రాన్స్‌జెండర్ అన్న పత్రానికి అఫిడవిట్టుతో కలెక్టరుకు దరఖాస్తు పెడితే చాలు, డాక్టరు పరీక్ష వద్దన్నారు. ఆడ అనో, మగ అనో రాయించుకోవాలంటే మాత్రం ఆపరేషను జరిగినట్టు ఆసుపత్రి సర్టిఫికెట్టు తెమ్మన్నారు. శరీరం సంగతి చూడకుండా రాస్తే ఆడవారికి కేటాయించిన చోట్ల చిక్కులొస్తాయని కొందరి వాదన. ఆపరేషనుకు డబ్బులేని బీదవాడి గతేమిటని తక్కినవారి ప్రశ్న. ఏమైనా, కోర్టు వద్దన్నదాన్నే చట్టం అడగడం వింతే.

2020 నిబంధనల్లో ఇంకో మెలిక పెట్టారు. దరఖాస్తుదారు ఆ జిల్లాలో ఏడాదిపాటు వరుసగా నివాసముండాలి. ఊరు విడిచి వచ్చిన బిడ్డ పేరు ఊళ్లోని రేషను కార్డులో పాతదిగానే ఉంటుంది. సికింద్రాబాదులో నలుగురితో కలిసి ఉండే గదికి అద్దె రశీదు ఎవరిస్తారు? బడి సర్టిఫికెట్టేమో ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. అడిగితే అమ్మానాన్నలు పంపవచ్చు, అసలు ఆ పేరే ఎత్తవద్దనీ అనవచ్చు.