పొక్లెయిన్ ఆయుష్షు

ఖరగ్‌పూర్ అనగానే ఉత్తరాంధ్ర ఇళ్లలో రైలే గుర్తొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఆ ఊళ్లో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్లలో ఎందరికో అన్నం పెట్టింది అక్కడి రైల్వే వర్క్‌షాప్. అక్కడ రైలు పెట్టె చెడేదాకా ఆగకుండా గడువు రాగానే లోపలికి తెచ్చి, విప్పి, కొలిచి, అరిగినవి మార్చి మళ్లీ పట్టాలెక్కిస్తారు. రైల్వేలో దీన్ని పీవోహెచ్ అంటారు.

అదే ఊళ్లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసిన పారిశ్రామిక ప్రాంతంలో, ఇప్పుడు పట్టాలు అక్కర్లేని యంత్రాలు తయారవుతున్నాయి. టాటా హిటాచీ ఎక్స్‌కవేటర్లు తమ దారిని తామే పరుచుకుంటూ బురదలోకి, రాళ్లలోకి, చెరువు గర్భంలోకి దిగుతాయి. వీటికి కర్మాగారం గేటు దాటాక పీవోహెచ్ లాంటి కట్టుబాటు దొరకడం అరుదు. ఆగిపోయాకే మెకానిక్‌కు ఫోన్ వెళ్తుంది. పాత యంత్రాలను చంపుతున్నది వయసు కాదు, ఈ అలవాటే.

ఈ యంత్రం పూర్వీకుణ్ని వెతికితే మళ్లీ పట్టాల దగ్గరికే పోతాం. 1839లో అమెరికాలో విలియం ఓటిస్ పేటెంట్ పొందిన ఆవిరి పార రైలు మార్గాల కోసం మట్టి తవ్వడానికే పుట్టింది. ఇక చైన్ల విషయానికొస్తే, మెత్తటి నేలలో దిగబడిపోతున్న ఆవిరి ట్రాక్టరుకు వెనక చక్రాలు తీసేసి, గొలుసు పట్టాలు తొడిగి 1904లో బెంజమిన్ హోల్ట్ కాలిఫోర్నియాలో నడిపి చూశాడు. పారను కదిలించే ఇనుప తాళ్ల స్థానంలోకి ఒత్తిడితో పనిచేసే నూనె, అంటే హైడ్రాలిక్స్, వచ్చింది ఆ తర్వాతే. మనం ఈ యంత్రాన్ని ఎవరి పేరుతో పిలుచుకుంటామో ఆ ఫ్రెంచి కంపెనీ పొక్లెయిన్ 1961లో చుట్టూ తిరిగే హైడ్రాలిక్ యంత్రాన్ని తెచ్చింది. 1965లో జపాన్‌లో హిటాచీ తన సొంత పరిజ్ఞానంతో యూహెచ్03 చేసింది. జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌కవేటర్లు చేస్తున్న టాటాల కంపెనీ టెల్కో 1984లో హిటాచీతో చేయి కలిపింది.

ఇరవై టన్నుల యంత్రం బురదలో ఎందుకు మునిగిపోదు? లెక్క తేలిక. ఒక్కో చైన్ వెడల్పు 60 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు సుమారు మూడుంబావు మీటర్లు. రెండు చైన్లూ కలిపితే దాదాపు నాలుగు చదరపు మీటర్లు. అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద అరకిలో భారం. మన కారు టైరు అంతకు నాలుగు రెట్లు నొక్కుతుంది. అయితే ఈ సౌఖ్యానికి మూల్యం అరుగుదల. చైన్‌లోని పిన్నులు, బుష్షులు, దాన్ని మోసి తిప్పే రోలర్లు, ఐడ్లర్, స్ప్రాకెట్ అన్నీ ఇసుకలో ఇనుము రాపిడితో బతికేవే. పాత యంత్రం మరమ్మతు ఖర్చులో పెద్ద వాటా ఈ కింది భాగానిదే.

అందుకే మంచి మెకానిక్ ముందు వంగి చైన్ చూస్తాడు. బూమ్‌తో ఒక పక్క పైకి లేపి, చైన్ ఎంత వేలాడుతోందో కొలుస్తాడు. మరీ బిగువైతే బుష్షులు, స్ప్రాకెట్ పళ్లు తొందరగా అరుగుతాయి. వదులైతే పని మధ్యలో చైన్ ఊడుతుంది. బురద పనికి కాస్త వదులుగా ఉంచడమే సరైనది, ఎందుకంటే మట్టి ఇరుక్కుని చైన్ దానంతటదే బిగుస్తుంది. బిగువు పెంచడానికి గ్రీజు ఎక్కించాలి, తగ్గించడానికి వాల్వు మెల్లగా వదలాలి. ఆ గ్రీజు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. వాల్వుకు ఎదురుగా మొహం పెట్టకూడదు. బుష్షు ఒక వైపే అరుగుతుంది కనుక, గడువులోగా ప్రెస్ మీద చైన్ విప్పి బుష్షులను సగం చుట్టు తిప్పి బిగిస్తే రెండో వైపు పనికొస్తుంది. ఈ పని నాకు ఎంతో ఇష్టం. కొత్త సామాను లేకుండా, కేవలం సమయానికి చేయడం వల్ల, యంత్రానికి రెండో జీవితం వస్తుంది. ఆలస్యమైతే బుష్షు గోడ పలచబడి పగులుతుంది, ఇక తిప్పడానికి ఏమీ మిగలదు.

అరుగుదల మొదటి శత్రువైతే, రెండోది కంటికి కనబడని మురికి. హైడ్రాలిక్ పంపులో పిస్టన్లకూ వాటి గూళ్లకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నూనె మాత్రం చదరపు సెంటీమీటరుకు 300 కిలోలకు పైబడిన ఒత్తిడితో ఆ సందుల పక్కనుంచే పోతుంది. సైటులో దుమ్ము రేగుతుండగా ట్యాంకు మూత తెరవడం, మురికి డబ్బాతో నూనె పోయడం, హోస్ పైపు విప్పి మూతులు కప్పకుండా వదిలేయడం పంపుకు విషం పోయడమే. పాత ఫిల్టరును పారేయకుండా కోసి చూడాలి. అయస్కాంతానికి అంటుకునే రవ్వ ఉక్కు, అంటుకోని పసుపు రవ్వ పంపులోని కంచు భాగాలది కావచ్చు. పంపు విరిగితే దాన్నొక్కదాన్నే మార్చి ఊరుకోవద్దు. ముక్కలు ట్యాంకులో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతాయి. అవి శుభ్రం చేయకపోతే కొత్త పంపు కూడా అదే దారి పడుతుంది. లీకు ఎక్కడుందో వెతకడానికి చేత్తో తడమడం ప్రాణాంతకం. సన్నటి నూనె ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్కతో చూడాలి. పొరపాటున చేతిలోకి పోతే, గాయం చిన్నదే అనిపించినా, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

యంత్రం వయసు క్యాలెండర్‌లో ఉండదు, ఆవర్ మీటర్‌లో ఉంటుంది. రోజుకు పది గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిస్తే 3,000 గంటలు. ఇంజిన్ ఆయిల్‌కు 250 లేదా 500 గంటలు, హైడ్రాలిక్ ఆయిల్‌కు కొన్ని వేల గంటలు అని మోడల్‌ను బట్టి కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. పాత యంత్రం కొనబోయేవారు కొత్తగా కొట్టించిన రంగును చూసి మోసపోకండి. స్ప్రాకెట్ పళ్లు కత్తిమొనల్లా ఉన్నాయేమో చూడండి, బుష్షులు ఎప్పుడు తిప్పారో అడగండి, పాత ఫిల్టరు కోయించండి, సర్వీసు పుస్తకం చేతికి తీసుకోండి. ఆ పుస్తకం లేని యంత్రానికి ధర సగం తగ్గించి అడగండి.